16 వారాలకే గుడ్లు, కోడి చూస్తే బరువు లేదు. లైట్ల వల్లేనా?

చేవెళ్ల కొత్త ఫారం
మే 2, రాత్రి 9:40

అందరికీ నమస్తే. చేవెళ్ల దగ్గర మాది కొత్త లేయర్ ఫారం, అంటే గుడ్ల కోళ్లది. ఉద్యోగం వదిలి, నాన్న పొలంలో షెడ్డు వేసుకున్నాను. జనవరి 10న బీవీ 300 అనే గుడ్ల రకం కోడిపిల్లలను 4,800 దింపాను. ఇదే మొదటి బ్యాచ్, ఈ రోజుకు 16 వారాలు నిండాయి.

పోయిన వారం నుంచి గుడ్లు కనబడుతున్నాయి. మొదటి రోజు 4 వచ్చాయి, నిన్న 130. ఊళ్లో అందరూ "నీ చెయ్యి మంచిది, తొందరగా మొదలుపెట్టాయి" అంటున్నారు. నాకు మాత్రం టెన్షన్‌గా ఉంది. గుడ్డు 35 గ్రాములు కూడా తూగడం లేదు. 60 కోళ్లను తూకం వేస్తే, చార్టులో ఈ వయసుకు చెప్పిన బరువు కంటే సగటున 120 గ్రాములు తక్కువ వచ్చింది. మూడు రోజుల్లో 11 కోళ్లు వెనక భాగం బయటికి వచ్చి, పక్కవి పొడిచి చచ్చిపోయాయి. ఇంకా ఎదిగే కోళ్లకు పెట్టే గ్రోయర్ మేతే పెడుతున్నాను.

మేత మార్చాలా, మందు ఏమైనా వేయాలా? దయచేసి చెప్పండి.

షాద్‌నగర్ పాత రైతు
మే 2, రాత్రి 10:05

తమ్ముడూ, మందుల సంగతి తర్వాత చూద్దాం. ముందు ఇది చెప్పు. రాత్రిపూట షెడ్డులో గానీ షెడ్డు చుట్టుపక్కల గానీ లైట్లు ఉంటాయా? ఎప్పటి నుంచి, ఎన్ని గంటల దాకా?

తూప్రాన్ బ్రాయిలర్
మే 2, రాత్రి 10:31

అన్నా, బరువు తక్కువుంటే రాత్రి లైటు ఇంకో మూడు నాలుగు గంటలు పెంచు. వెలుతురు ఉంటే తింటాయి, తింటే బరువు వస్తుంది. మా బ్రాయిలర్లకు ఎండాకాలంలో మేమదే చేస్తాం. పగలు ఎండకు తినవు, రాత్రి తింటాయి.

షాద్‌నగర్ పాత రైతు
మే 2, రాత్రి 10:38

తూప్రాన్ తమ్ముడూ, ఆ మాట ఇక్కడ పనికిరాదు. నీ కోడి 6 వారాల్లో బండెక్కుతుంది. ఈయన కోడి ఏడాదికి పైగా గుడ్డు పెట్టాలి. చేవెళ్ల తమ్ముడూ, నేను అడిగినదానికి జవాబు వచ్చేదాకా ఒక్క బల్బు కూడా పెంచకు.

చేవెళ్ల కొత్త ఫారం
మే 3, ఉదయం 6:15

లైట్లు ఉన్నాయి అన్నా. మార్చి రెండో వారంలో మా పక్క ఫారంలో బోరు మోటారు, కేబుల్ ఎత్తుకుపోయారు. ఆ భయంతో షెడ్డు రెండు చివర్లా 100 వాట్ల ఎల్‌ఈడీ ఫ్లడ్ లైట్లు పెట్టించాను. అప్పటి నుంచి రాత్రంతా వెలుగుతూనే ఉన్నాయి. పిల్లలకు అప్పుడు 9 వారాలు. లోపల ఒక వరుస ట్యూబ్‌లైట్లు పనివాళ్లు పడుకునేదాకా, అంటే 10 వరకు ఉంటాయి. అవి దొంగల కోసం పెట్టిన లైట్లు కదా, కోళ్లకు ఏమవుతుందిలే అనుకున్నాను.

రిటైర్డ్ పశువైద్యుడు, అత్తాపూర్
మే 3, ఉదయం 8:50

బాబూ, నీ కష్టానికి కారణం చాలావరకు ఆ లైట్లే. కొంచెం వివరంగా చెబుతాను, ఓపికగా చదువు.

వెలుతురు కోడికి కళ్లలో నుంచే కాదు, తల పైనుంచి కూడా అందుతుంది. పల్చటి పుర్రె ఎముకను దాటి మెదడు లోపల హైపోథాలమస్ దగ్గరున్న కణాలను తాకుతుంది. ఎరుపు, నారింజ రంగుల కాంతి ఇంకా బాగా లోపలికి వెళుతుంది. పగలు పొడవవుతోందని ఆ కణాలు గ్రహిస్తే హైపోథాలమస్ నుంచి పిట్యూటరీ గ్రంథికి కబురు వెళుతుంది. అక్కడి నుంచి ఎఫ్‌ఎస్‌హెచ్, ఎల్‌హెచ్ అనే హార్మోన్లు రక్తంలోకి వచ్చి అండాశయాన్ని నిద్రలేపుతాయి. అడవిలో బతికిన పక్షికి పొద్దు పెరగడమంటే పిల్లల్ని పొదిగే కాలం వచ్చిందని అర్థం. మన ఫారం కోడిలోనూ ఆ లెక్క చెరిగిపోలేదు.

మొదటి కొన్ని వారాలు పిల్ల దీనికి పెద్దగా స్పందించదు. 8, 10 వారాల నుంచి స్పందన పెరుగుతుంది. నువ్వు సరిగ్గా ఆ వయసులోనే దాదాపు 12 గంటల పగటిని 24 గంటలు చేశావు. శరీరం ఇంకా ఎదుగుతుండగానే అండాశయానికి తొందరపెట్టినట్టయింది. కటి ఎముకలు విచ్చుకోలేదు, గుడ్డు దారి సాగలేదు, దాని చుట్టూ కండ బలపడలేదు. అందుకే గుడ్డుతో పాటు వెనక భాగం బయటికి వస్తోంది. పక్క కోడికి ఎర్రగా మెరిసేది కనబడితే పొడవకుండా ఉండదు.

పెరిగే పిల్లకు వెలుతురు గంటలు పెంచకూడదు, గుడ్డు పెట్టే కోడికి తగ్గించకూడదు. లేయర్ లైటింగ్‌లో మిగతా లెక్కలన్నీ ఈ రెండింటి చుట్టూనే తిరుగుతాయి.

ఘట్‌కేసర్ ఎలక్ట్రీషియన్
మే 3, మధ్యాహ్నం 1:20

నేను ఫారాల్లో వైరింగ్ పని చేస్తాను. డాక్టర్ గారు చెప్పింది అక్షరాలా నిజం. కానీ ఆ ఫ్లడ్ లైట్ వెలుతురు కేజు దాకా ఎంత వస్తోందో చూడాలి కదా అన్నా. బయట స్తంభం మీద ఎన్ని వాట్లు ఉన్నాయన్నది కాదు, కోడి తల దగ్గర ఎన్ని లక్స్ (వెలుతురు కొలత) ఉన్నాయన్నదే లెక్క.

కోఠి గుజరాతీ గల్లీలో లక్స్ మీటర్ దొరుకుతుంది. అంతవరకు ఫోన్‌లో యాప్ వేసుకో. ఖచ్చితమైన అంకె రాదు గానీ, ఒక చోటికీ ఇంకో చోటికీ తేడా తెలుస్తుంది. రాత్రి 11 తర్వాత లోపలి లైట్లన్నీ ఆర్పి, షెడ్డు ఈ చివర నుంచి ఆ చివరకు 10 అడుగులకోసారి కొలువు. పై వరుస, కింది వరుస రెండూ చూడు. ఫోన్ స్క్రీన్‌ను కోడి కన్ను ఉన్న ఎత్తులో, లైటు వైపు తిప్పి పట్టుకో.

చేవెళ్ల కొత్త ఫారం
మే 4, ఉదయం 7:02

రాత్రి కొలిచాను అన్నా. రెండు చివర్లలో పై వరుసలో 14 చూపించింది. లోపలికి పోయేకొద్దీ తగ్గుతూ మధ్యలో 1, కొన్ని చోట్ల సున్నా.

ఒక అనుమానం వచ్చి, ఈ రోజు పొద్దున గుడ్లను ఏ కేజులో ఏరితే ఆ నంబరు రాసుకోమన్నాను. 142 గుడ్లలో 118 ఆ రెండు చివర్ల నుంచే వచ్చాయి. అందులోనూ ఎక్కువ పై వరుసవే. మధ్య బ్లాకుల్లో కోళ్లకు ఇంకా తలపై తురాయి కూడా ఎర్రబడలేదు. ఒకే షెడ్డు, ఒకే మేత, ఒకే రోజు దిగిన పిల్లలు. నేను నాలుగు నెలలుగా రోజూ చూస్తున్న షెడ్డే ఇది, ఈ తేడా ఒక్కసారి కూడా కంటపడలేదు.

రిటైర్డ్ పశువైద్యుడు, అత్తాపూర్
మే 4, ఉదయం 9:30

చాలా మంచి పని చేశావు బాబూ. ఇంతకంటే రుజువు అక్కర్లేదు.

ఇప్పుడు చేయాల్సింది చెబుతాను. ఫ్లడ్ లైట్లను ఈ రాత్రికే బయటి వైపు తిప్పు, షెడ్డు మీద పడకుండా రేకు అడ్డు పెట్టు. లోపలి ట్యూబ్‌లైట్లు సాయంత్రం 7 దాటి ఉండకూడదు. కోడికి పొద్దు సూర్యుడు పైకి వచ్చినప్పుడు మొదలవదు. మసక వెలుతురుతోనే మొదలై, సూర్యుడు దిగాక ఇంకో 20 నిమిషాల దాకా సాగుతుంది. ఆ మసకతో కలిపితే ఈ రోజుల్లో హైదరాబాద్‌లో సహజ వెలుతురే పదమూడున్నర గంటలు ఉంటుంది. కాబట్టి లైట్లు తీసేసినా కోడికి ఇది పొడవైన పగలే.

గుడ్లు పెడుతున్న కోళ్లను వేరే బ్లాకులోకి మార్చి వాటికి లేయర్ మేత పెట్టు. గ్రోయర్ మేతలో కాల్షియం 1 శాతం దగ్గర ఉంటుంది. గుడ్డు పెట్టే కోడికి మూడున్నర, నాలుగు శాతం కావాలి. అది మేతలో దొరక్కపోతే తన ఎముకల్లో నుంచి తీసి గుల్ల కడుతుంది. నెల తిరగకుండా కాళ్లు పడిపోతాయి. మిగతావాటికి గ్రోయర్ మేతే ఉంచు, బరువు వచ్చేదాకా ఆగు.

మేడ్చల్ సూపర్‌వైజర్
మే 4, మధ్యాహ్నం 2:10

డాక్టర్ గారూ, మీ మీద గౌరవంతోనే అడుగుతున్నాను. గుడ్డు మొదలయ్యాక వెలుతురు తగ్గించకూడదని నిన్న మీరే చెప్పారు. ఇప్పుడు ఒక్క రాత్రిలో 24 నుంచి పదమూడున్నరకు దించమంటున్నారు. మేము ఒకసారి పొరపాటున రెండు గంటలు తగ్గిస్తే 8 శాతం గుడ్లు పడిపోయాయి, కొన్ని కోళ్లు ఈకలు రాల్చాయి. ఆ లైట్లు అలాగే ఉంచి, మేత మార్చి ముందుకు పోవడం మేలు కదా?

రిటైర్డ్ పశువైద్యుడు, అత్తాపూర్
మే 4, సాయంత్రం 5:45

సరైన ప్రశ్న అడిగారు. మీ షెడ్డులో 100కు 90 కోళ్లు గుడ్డు పెడుతుండి ఉంటాయి. అక్కడ తగ్గిస్తే నష్టమే. ఇక్కడ 100లో 97 ఇంకా మొదలే పెట్టలేదు. ఆ 97ను కాపాడుకోవడానికి మిగిలిన 3 కోళ్ల గుడ్లు కొన్నాళ్లు ఆగినా నాకు బాధ లేదు. నిజానికి ఆ మూడు కాస్త ఆగి, ఒళ్లు పెంచుకుని మళ్లీ మొదలుపెడితే వాటికే మంచిది. అదే 10 శాతం దాటి ఉంటే నేనూ ఈ మాట చెప్పేవాడిని కాదు. 14 గంటల దగ్గర స్థిరంగా నిలిపి మేతతో బరువు రాబట్టుకోమనేవాడిని.

షాద్‌నగర్ పాత రైతు
మే 4, రాత్రి 8:20

నా సంగతి కూడా చెబుతాను. మా షెడ్డు పక్కన ఖాళీ జాగా ఉండేది. ఒక ఏడాది అక్కడ ఫంక్షన్ హాల్ కట్టారు. మాఘం నుంచి జ్యేష్ఠం దాకా ముహూర్తాలున్న ప్రతి రాత్రీ చెట్లకు సీరియల్ లైట్లు, గేటుకు పెద్ద ఫోకస్. ఆ ఏడాది గ్రోయర్ షెడ్డులో ఆ వైపు వరుస 17 వారాలకు గుడ్డు పెట్టింది, ఇటు వైపు వరుస 20కి. ఒకే షెడ్డులో రెండు బ్యాచ్‌ల కోళ్లు ఉన్నట్టు తయారైంది. యూనిఫార్మిటీ, అంటే మందంతా ఒకేలా ఎదగడం పోతే ఎవరికని మేత మార్చాలి? ఎవరికని లైటు పెంచాలి? చివరిదాకా ఆ బ్యాచ్ నాకు చేతికి రాలేదు.

ఆ హాల్ వాళ్లతో మాట్లాడాం, వాళ్ల బతుకు వాళ్లది. ఆ వైపు కప్పు నుంచి కింది దాకా నల్ల పరదా కట్టుకున్నాం. పగలు గాలి కోసం ఎత్తుతాం, మునిమాపున దించుతాం. సిటీ ఇటు పెరుగుతోంది తమ్ముడూ. రోడ్డు మీద హైమాస్ట్ లైటు వచ్చినా, పక్కన వెంచర్ పడినా, ముందు రాత్రిపూట వెళ్లి మన షెడ్డులో వెలుతురు చూసుకోవాలి.

తూప్రాన్ బ్రాయిలర్
మే 4, రాత్రి 9:15

షాద్‌నగర్ అన్నా, మొన్న తెలియక చెప్పాను. చేవెళ్ల అన్న నా మాట విని లైటు పెంచలేదు, అదే పదివేలు.

ఒక డౌట్ డాక్టర్ గారూ. మరి వెన్నెల సంగతేంటి? పున్నమికి పేపర్ హెడ్డింగ్ చదివేంత వెలుతురు ఉంటుంది కదా. ఇంకోటి, మా బ్రాయిలర్లకు చీకటి అవసరమా? మేము 23 గంటలు లైటు ఉంచుతాం.

రిటైర్డ్ పశువైద్యుడు, అత్తాపూర్
మే 5, ఉదయం 8:10

పున్నమి వెన్నెల ఒక లక్స్‌లో మూడో వంతు కూడా ఉండదు. దాన్ని కోడి పగలుగా లెక్కపెట్టదు. ఒకటి రెండు లక్స్ దాటాక జాగ్రత్త పడాలి.

బ్రాయిలర్‌కు చీకటి తప్పకుండా కావాలి. మొదటి వారం 23 గంటల వెలుతురు సరే, పిల్ల నీళ్లూ మేతా వెతుక్కోవాలి. ఆ ఒక్క గంట చీకటి ఎందుకంటే, కరెంటు పోయినప్పుడు బెదిరి ఒకదాని మీద ఒకటి కుప్పపడి ఊపిరాడక చావకుండా అలవాటు కావడానికి. రెండో వారం నుంచి రోజూ ఒకే సమయంలో 4 నుంచి 6 గంటలు ఏకబిగిన చీకటి ఇవ్వండి. చీకట్లోనే మెలటోనిన్ తయారవుతుంది, పిల్ల నిజంగా నిద్రపోతుంది, కాళ్ల ఎముక గట్టిపడుతుంది. పెరుగుదల మొదట్లో కొంచెం తగ్గినట్టు కనబడినా తర్వాత అందుకుంటుంది. ఉన్నట్టుండి వెల్లకిలా పడి చచ్చే కోళ్లు, కుంటే కోళ్లు తగ్గుతాయి. ఎండాకాలంలో మీరు రాత్రి మేత పెట్టుకోండి. రాత్రి 9 దాకా, మళ్లీ తెల్లవారుజాము 2 నుంచి పెట్టినా మధ్యలో 5 గంటలు చీకటి మిగులుతుంది.

ఇబ్రహీంపట్నం గ్రామప్రియ
మే 5, ఉదయం 11:40

నమస్తే. నేను రాజేంద్రనగర్ కోళ్ల పరిశోధన సంస్థ వాళ్ల గ్రామప్రియ రకం 300 కోళ్లు పెంచుతాను. చిన్న పిల్లలను వెచ్చగా ఉంచే బ్రూడర్ గురించి ఎవరూ అనలేదు కాబట్టి నాకు జరిగింది చెబుతాను.

పాత ఫిలమెంటు బల్బు వేడినీ ఇచ్చేది, వెలుతురునూ ఇచ్చేది. కరెంటు బిల్లు తగ్గుతుందని ఒకసారి బ్రూడర్‌లో ఎల్‌ఈడీలు పెట్టాను. వెలుతురు బాగానే ఉంది, వేడి లేదు. డిసెంబర్ చలికి పిల్లలన్నీ మూలకు చేరి మూడు రోజుల్లో 40 పోయాయి. ఆ తర్వాత మళ్లీ ఫిలమెంటు బల్బులకు వచ్చాను. ఈసారి చలి తగ్గలేదని 6 వారాలు రాత్రంతా ఉంచేశాను. అంటే వేడి కోసం వెలుతురు కూడా ఇచ్చానన్నమాట.

ఇప్పుడు రెండింటినీ విడదీశాను. వేడికి బొగ్గుల బుఖారీ, గాలి ఆడేలా గొట్టం బయటికి పెట్టించి. వెలుతురుకు వేరే చిన్న బల్బులు. మొదటి వారం పిల్లల దగ్గర 95 డిగ్రీల ఫారెన్‌హీట్, తర్వాత వారానికి 5 డిగ్రీల చొప్పున తగ్గిస్తాను. లైటు గంటలను దానితో సంబంధం లేకుండా తగ్గించుకుంటూ పోతాను. చీకట్లో వెచ్చగా పడుకోవడం పిల్లలకు చక్కగా అలవాటైంది, తల్లి రెక్కల కింద ఉన్నట్టే.

ఘట్‌కేసర్ ఎలక్ట్రీషియన్
మే 5, మధ్యాహ్నం 3:05

అక్కా, చాలా మంచి మాట చెప్పారు. ఫారాలకు వెళ్లినప్పుడు నేను మొదట అడిగేది ఇదే: ఈ బల్బు వేడికా, వెలుతురుకా అని.

ఇంకో రెండు విషయాలు. 60 వాట్ల పాత బల్బు స్థానంలో 9 వాట్ల ఎల్‌ఈడీ సరిపోతుంది. అయితే చవక ఎల్‌ఈడీలు మిణుకుతాయి. మన కంటికి తెలియదు, కోడి కన్ను మనకంటే చురుకు. ఫోన్‌లో స్లో మోషన్ వీడియో తీస్తే చారలు చారలుగా కనబడుతుంది. అలాంటి బల్బు వద్దు. డిమ్మర్ పెట్టాలనుకుంటే డిమ్మర్‌కు పనికొచ్చే బల్బే అడిగి తీసుకోండి, మామూలు దానికి పెడితే ఇంకా ఎక్కువ మిణుకుతుంది. ట్రూప్ బజార్‌లో రెండు రకాలూ దొరుకుతాయి, పెట్టె మీద రాసి ఉంటుంది.

రెండోది దుమ్ము. మేత దుమ్ము, ఈకల పొడి బల్బుకు పట్టుకుని నెలలో వెలుతురు బాగా తగ్గిపోతుంది. 15 రోజులకోసారి పొడిగుడ్డతో తుడవండి, స్విచ్ ఆపి.

చేవెళ్ల అన్నా, దొంగల భయం ఉంటే మనిషి కదిలితే వెలిగే సెన్సర్ లైటు పెట్టు. గేటు వైపు, బయటికి చూసేలా మాత్రమే. షెడ్డు మీదికి పెడితే అర్ధరాత్రి భగ్గున వెలిగి కోళ్లు బెదిరి కేజులకు కొట్టుకుంటాయి.

చేవెళ్ల కొత్త ఫారం
మే 5, రాత్రి 9:50

అందరికీ చేతులెత్తి దండం. ఫ్లడ్ లైట్లు తిప్పించాను. గుడ్లు పెట్టే కోళ్లను వేరు చేశాం.

డాక్టర్ గారూ, ఒక మాట అడగనా. నేను ఆ లైట్లు పెట్టకుండా ఉండి ఉంటే అంతా సరిగ్గా ఉండేదా? జనవరి నుంచి మే దాకా పొద్దు ఎలాగూ పెరుగుతుంది కదా?

షాద్‌నగర్ పాత రైతు
మే 6, ఉదయం 5:55

ఈ ప్రశ్నకు నేను చెబుతాను, డాక్టర్ గారు తప్పుంటే దిద్దండి. ఇది నేను నాలుగు బ్యాచ్‌లు పోగొట్టుకుని నేర్చుకున్నది.

మన హైదరాబాద్‌లో డిసెంబర్ ఆఖర్లో పగలు సుమారు 11 గంటలు, జూన్ 21 దగ్గర సుమారు 13 గంటల 10 నిమిషాలు. రెండు గంటలే కదా అనిపిస్తుంది. పెరిగే కోడికి ఆ రెండు గంటలు చాలు. డిసెంబర్, జనవరిలో దిగిన పిల్ల పొద్దు పెరుగుతుండగా ఎదుగుతుంది, బల్బు ఒక్కటి కూడా వేయకపోయినా తొందరపడుతుంది. జూన్, జులైలో దిగిన పిల్ల పొద్దు కుంచించుకుపోతుండగా ఎదుగుతుంది. అది నిదానంగా మొదలుపెడుతుంది, గుడ్డు పెద్దదిగా ఉంటుంది. ఒకే హ్యాచరీ, ఒకే రకం పిల్ల, దిగిన నెలను బట్టి వేరే కోడి అవుతుంది.

కాబట్టి జనవరి బ్యాచ్‌కు కిటుకు ఏంటంటే, ఆ పెరిగే పొద్దును ముందే కప్పేయాలి. పిల్లకు 18 వారాలు వచ్చేనాటికి సహజ వెలుతురు ఎంత ఉంటుందో చూసుకోవాలి. జనవరి 10 పిల్లకు అది మే మధ్య. నువ్వు పొద్దున 5:15 నుంచి సాయంత్రం 7 వరకు అని పెట్టుకుంటే 13 గంటల 45 నిమిషాలు. మొదటి రోజుల 23 గంటల నుంచి వారం వారం తగ్గించుకుంటూ వచ్చి, 8వ వారానికి ఆ 13:45 దగ్గర ఆగాలి. అక్కడి నుంచి 18 వారాల దాకా అదే. జనవరి, ఫిబ్రవరిలో ఇంకా చీకటిగా ఉండగానే 5:15కి బల్బు వెలగాలి. సాయంత్రం చీకటి పడక ముందే బల్బు వేసి 7కు ఆర్పాలి. బయట పొద్దు పెరుగుతున్నా కోడికి తెలియదు. దానికి 5:15కే తెల్లవారుతుంది, 7కే చీకటి పడుతుంది.

అంటే పెరిగే పిల్లకు లైటు వేయొద్దని కాదు. ఒక్కోసారి లైటు వేస్తేనే పొద్దు పెరగకుండా ఆపగలం. ఇది అర్థం కావడానికి నాకు చాలా ఏళ్లు పట్టింది.

రిటైర్డ్ పశువైద్యుడు, అత్తాపూర్
మే 6, ఉదయం 8:30

దిద్దడానికి ఏమీ లేదు. ఒక్కటి కలుపుతాను. 18 వారాలు అన్నది గుర్తుకోసమే. వయసు వచ్చినా బరువు రాకపోతే లైటు పెంచవద్దు, ఒక వారం ఆగండి. తూకం వేసేటప్పుడు చేతికి దొరికిన కోళ్లను కాకుండా, ముందే ఎంచుకున్న కేజుల్లోని అన్ని కోళ్లనూ తూయండి. చేతికి తొందరగా దొరికేవి సాధారణంగా మందకొడివి.

మేడ్చల్ సూపర్‌వైజర్
మే 6, ఉదయం 10:15

టైమర్ గురించి ఒక్క మాట. నేను పైన చెప్పిన రెండు గంటలు తగ్గడం ఎలా జరిగిందంటే, మాది తిరిగే డయల్ ఉన్న పాత టైమర్. కరెంటు పోయిన ప్రతిసారీ అదీ ఆగిపోతుంది, వచ్చాక అక్కడి నుంచే తిరుగుతుంది. గాలివానల నెలలో కోతలన్నీ కలిసి రెండు గంటలు వెనకబడింది. 4కు వెలగాల్సిన లైటు 6కు వెలిగింది. ఎవరూ చూడలేదు, లైటు వెలుగుతోంది కదా అనుకున్నారు. బ్యాటరీ ఉన్న డిజిటల్ టైమర్ పెట్టుకోండి. అయినా సరే వారానికోసారి మీ ఫోన్ టైముతో సరిచూడండి.

చేవెళ్ల కొత్త ఫారం
జూన్ 20, రాత్రి 8:30

అప్‌డేట్ ఇస్తున్నాను. లైట్లు తీసిన పది రోజుల్లో గుడ్లు 140 నుంచి 50కి తగ్గాయి. భయం వేసింది, కానీ డాక్టర్ గారు ముందే చెప్పారు కాబట్టి ఆగాను. వెనక భాగం బయటికి రావడం వారంలో ఆగిపోయింది. మొత్తం 34 కోళ్లు పోయాయి. 19 వారాలకు మధ్య బ్లాకులు చార్టు బరువు అందుకున్నాయి, అప్పుడు లైటు అరగంట పెంచాం. ఇప్పుడు 23 వారాలు, 81 శాతం పెడుతున్నాయి. చివరి బ్లాకుల కోళ్లు మాత్రం ఇంకా చిన్న గుడ్లే పెడుతున్నాయి. ట్రేలు విడిగా కట్టి తక్కువ ధరకు ఇస్తున్నాను.

జులై 8న రెండో షెడ్డుకు కోడిపిల్లలు వస్తున్నాయి.

చేవెళ్ల కొత్త ఫారం
నవంబర్ 11, ఉదయం 6:40

షాద్‌నగర్ అన్నా, డాక్టర్ గారూ, మళ్లీ వచ్చాను. జులై పిల్లలకు ఈ రోజు 18 వారాలు. 8వ వారం నుంచి సహజ వెలుతురే, రాత్రి షెడ్డులో ఎక్కడ కొలిచినా సున్నా. ఒక్క గుడ్డు కూడా లేదు. ఊళ్లో వాళ్లు ఈసారి పిల్లలు బాగాలేవంటున్నారు. ఎంచిన 20 కేజులు తూస్తే, సగటు చార్టు కంటే 15 గ్రాములు ఎక్కువే ఉంది. తురాయిలు ఇప్పుడిప్పుడే ఎర్రబడుతున్నాయి. లైటు మొదలుపెట్టమంటారా?

షాద్‌నగర్ పాత రైతు
నవంబర్ 11, ఉదయం 7:05

పిల్లలు బంగారంలా ఉన్నాయి తమ్ముడూ. ఇప్పుడు మసకతో కలిపి 12 గంటలు ఉంది. మొదట ఒక గంట ఒకేసారి ఇవ్వు, 13 చెయ్యి. ఆ తర్వాత వారానికి అరగంట చొప్పున 16 దాకా పో, అక్కడ ఆపు. పొద్దున వైపు పెంచు, చల్లటి పూట మేత బాగా తింటాయి. గుడ్లు మొదలయ్యే ముందు పెట్టే ప్రీ లేయర్ మేత ఈ రోజే మొదలుపెట్టు.

రిటైర్డ్ పశువైద్యుడు, అత్తాపూర్
నవంబర్ 11, ఉదయం 9:00

సరిగ్గా చెప్పారు. కింది వరుస కేజులు చీకటిగా లేకుండా బల్బుల ఎత్తు చూసుకో బాబూ. కింది వరుసలో కోడి తల దగ్గర 10 లక్స్ అయినా రావాలి.

చేవెళ్ల కొత్త ఫారం
నవంబర్ 24, రాత్రి 9:10

మొదటి గుడ్డు 20న వచ్చింది, 44 గ్రాములు. ఈ రోజు 212 వచ్చాయి. కేజు నంబర్లు రాసి చూశాను, షెడ్డు అంతటా సమానంగా ఉన్నాయి. వెనక భాగం బయటికి వచ్చిన కోడి ఒక్కటీ లేదు. టైమర్‌లో 5:00 అని పెట్టాను, ఆదివారం నుంచి 4:30.